పద్దెనిమిది వేల మైళ్ల ఎం3: కొనక ముందు, కొన్న తర్వాత

ఇరవై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారు కొన్నానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది మీటరు మీద ఎంత ఉందని. నా 2004 బీఎండబ్ల్యూ ఎం3 కూపే మీద కొన్ననాటికి 18,400 మైళ్లు ఉన్నాయి. కిలోమీటర్లలో చెబితే ముప్పై వేలకు కాస్త తక్కువ. "అయితే కొత్త కారే కదా" అంటారు విన్నవాళ్లు. కాదు. అది ఇరవై ఏళ్ల కారే, తిరిగింది తక్కువ, అంతే. ఈ రెండు మాటలకు ఎంత తేడా ఉందో బాగా తెలుసుకున్న తర్వాతే నేను డబ్బు బయటికి తీశాను. అమెరికాలో ఇలాంటి కార్ల కోసం వెతికే మనవాళ్లు ఈమధ్య ఎక్కువగానే కనిపిస్తున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎం3లో చాలా తరాలు వచ్చాయి. నాకు కావలసింది ఈ46 అని పిలిచే తరం. అమెరికాలో 2001 నుంచి 2006 మోడల్ దాకా అమ్మారు. జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ కర్మాగారంలో తయారయ్యేది. దీని ప్రాణమంతా ఎస్54 అనే ఇంజనులోనే ఉంది. వరుసగా ఆరు సిలిండర్లు, 3,246 సీసీ, టర్బో లేదు. ఏ సిలిండరుకు ఆ సిలిండరుకే విడిగా ఒక థ్రాటిల్. అమెరికా లెక్కలో 333 హార్స్‌పవర్, అదీ 7,900 ఆర్‌పీఎం దగ్గర. ఎర్రగీత 8,000 దగ్గర మొదలవుతుంది. పిస్టన్ స్ట్రోకు 91 మిల్లీమీటర్లు. అంటే ఎర్రగీత దగ్గర పిస్టన్లు సగటున సెకనుకు 24 మీటర్ల వేగంతో పైకీ కిందికీ కదులుతుంటాయి. ఆఫీసుకు వెళ్లి రావడానికి కూడా పనికొచ్చే కారులో, పోత ఇనుప బ్లాకుతో ఈ పని సాధించారు. 2001లో అంతర్జాతీయ స్థాయిలో ఆ ఏటి ఉత్తమ ఇంజనుగా ఎంపికైంది ఇదే. దీని తర్వాతి ఎం3లో వీ8 పెట్టారు, ఆ తర్వాత టర్బోలు వచ్చేశాయి. టర్బో సాయం లేకుండా గాలి పీల్చుకునే ఆరు సిలిండర్ల ఎం3లలో ఇదే ఆఖరిది. అందుకే నాకు ఈ తరమే కావాలి, అందులోనూ మూడు పెడళ్లున్న ఆరు గేర్ల మాన్యువలే కావాలి.

ఇంత వేగంగా తిరిగే ఇంజను సేవ కూడా గట్టిగానే కోరుతుంది. దీనికి పోసేది 10డబ్ల్యూ-60 ఆయిలు, మామూలు కార్లలో వాడేదానికంటే బాగా చిక్కనిది. ఈ రోజుల్లో చాలా కార్లలో అవసరమే లేని ట్యాపెట్ సెట్టింగ్ దీనికి తప్పనిసరి. వాల్వుకూ క్యామ్‌కూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలిచి, తేడా ఉంటే సన్నటి బిళ్లలు మార్చాలి. మొదటి ఏళ్ల కార్లలో పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగుల సమస్య బయటపడితే కంపెనీ పిలిపించి మార్చింది. వానోస్ అనే వాల్వ్ టైమింగ్ యంత్రాంగంలో కొన్ని భాగాలు విరగవచ్చు. వెనక ఇరుసును మోసే ఫ్రేము కారు నేలకు బిగిసే చోట రేకు పగలవచ్చు. ఇవన్నీ ఈ కారు తెలిసినవాళ్లందరికీ తెలిసిన సంగతులే. ఏ కారు చూసినా ముందు ఈ నాలుగూ తేలాలి. తక్కువ తిరిగిన కారయితే దీనికి తోడు ఇంకొక పెద్ద ప్రశ్న ఉంది: తిరగని రోజుల్లో ఇది ఎలా ఉంది?

మొదట చూసింది నేనుండే టెక్సాస్‌లోనే ఒక డీలరు దగ్గరున్న కారు. మీటరు మీద పన్నెండు వేల మైళ్లు కూడా లేవు. లగూనా సెకా నీలం, ఫొటోల్లో కళ్లు చెదిరేలా ఉంది. దగ్గరికి వెళ్లి తలుపు తీస్తే మీటరు చెప్పే కథ ఒకటి, కారు చెప్పే కథ ఇంకొకటి. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు ఒక పక్క పూర్తిగా అరిగిపోయి నున్నగా ఉన్నాయి. డ్రైవరు సీటు ఎడమ అంచున తోలు పగిలి, దాని మీద రంగు పూసి ఉంది. పన్నెండు వేల మైళ్లకు తోలు అలా పగలదు. సర్వీసు కాగితాలు అడిగితే లేవన్నారు. రిజిస్ట్రేషన్ చరిత్రలో కొన్నేళ్ల పాటు ఏ నమోదూ లేదు.

కొత్తగా కొనేవాళ్లు గమనించాల్సిన చట్టం ఒకటి ఉంది. అమెరికాలో కారు చేతులు మారేటప్పుడు మీటరు అంకెను రాతపూర్వకంగా ధ్రువీకరించాలన్న నిబంధన 2010, అంతకు ముందు మోడళ్లకు ఇప్పుడు వర్తించదు. వాటికి పదేళ్లు దాటితే మినహాయింపు. 2011 మోడల్ నుంచి ఆ గడువును ఇరవై ఏళ్లు చేశారు. అంటే మనం మోజుపడే ఈ కార్లన్నిటికీ టైటిల్ కాగితం, అంటే యాజమాన్య పత్రం మీద మైలేజి దగ్గర "మినహాయింపు" అనే ఉండవచ్చు. మీటరు అంకెకు ప్రభుత్వం పూచీ లేదు. పూచీ అంతా ఏటేటా పోగైన సర్వీసు బిల్లులదే. ఈ46లో ఇంకొక ఆధారం కూడా ఉంది. మైలేజి అంకె మీటరు పెట్టెలో ఒకటి, లైట్లను నడిపే మాడ్యూల్‌లో ఒకటి, రెండు చోట్ల నమోదవుతుంది. ఆ రెండూ కలవకపోతే ఓడోమీటరు పక్కన చిన్న చుక్క వెలుగుతుంది. ఆ కారులో చుక్క లేదు. కానీ పని తెలిసినవాడు ఆ చుక్కను కూడా ఆర్పేయగలడు. అరిగిన రబ్బరును మాత్రం దాచలేకపోయారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

తర్వాత చాలా వారాలకు న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ నుంచి ఒక ప్రకటన కనిపించింది. అమ్ముతున్నది పదవీ విరమణ చేసిన ఒక ఇంజనీరు, కారుకు మొదటి యజమాని ఆవిడే. మోకాలి ఆపరేషన్ తర్వాత క్లచ్ తొక్కడం కష్టమైందని, మనసు చంపుకొని అమ్ముతున్నానని రాశారు. ఫోను చేశాను. మైళ్ల గురించి అడగలేదు. ఎలా నడిపేవారని అడిగాను.

"ఒకసారి గ్యారేజీ నుంచి బయటికి తీశానంటే ఆయిలు పూర్తిగా వేడెక్కకుండా వెనక్కి తీసుకురాను. అంత సమయం లేని రోజు అసలు తీయను" అన్నారు ఆవిడ.

ఇది వినగానే నాకు సగం నమ్మకం కుదిరింది. ఎందుకో చెబుతాను. ఇంజను చల్లగా స్టార్ట్ అయినప్పుడు కాస్త పెట్రోలు మండకుండా గోడల వెంట ఆయిలులోకి దిగుతుంది. మండిన వాయువుల్లోని తేమ కూడా చేరుతుంది. ఆయిలు బాగా వేడెక్కి కొంతసేపు అలాగే ఉంటే ఇవి ఆవిరై పోతాయి. రెండు మైళ్లు తిప్పి ఆపేస్తే లోపలే ఉండిపోయి, ఆయిలును పలచన చేసి, ఆమ్లాలుగా మారి బేరింగులను తింటాయి. నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు అలా ఉంచి ఆపేస్తుంటాం అని గర్వంగా చెప్పే అమ్మకందార్లు ఎంతోమంది. దానికంటే అసలు స్టార్ట్ చేయకపోవడమే ఇంజనుకు మేలు. ఆవిడకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

అప్పుడు మా నాన్న మా దగ్గర ఫ్రిస్కోలో ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల పని చేసి రిటైరైన మనిషి. బోరు పని, క్రాంకు పని, హెడ్ దించడం, ఎక్కించడం, జీవితమంతా అదే. పెట్రోలు కార్ల మీద ఆయనకు పెద్దగా గౌరవం లేదు. "ఇరవై ఏళ్ల కారుకు అంత డబ్బా? బండి చూశాక మాట్లాడదాం పద" అన్నారు. ఇద్దరం కలిసి ఆల్బుకర్కీకి విమానమెక్కాం.

ముందే ఆవిడను ఒక్కటి కోరాను: మేము వచ్చేలోపు కారు స్టార్ట్ చేయవద్దని. గ్యారేజీ తలుపు పైకి లేవగానే నేను రంగు చూస్తూ నిలబడిపోయాను. కార్బన్ బ్లాక్ అంటారు ఈ రంగును. నీడలో నల్లగానే ఉంటుంది. ఎండ తగిలిన చోట మాత్రం లోపలి నుంచి ముదురు నీలం పైకి వస్తుంది. సీట్లు దాల్చినచెక్క రంగు తోలు. నాన్న ఇవేమీ చూడలేదు. బానెట్ ఎత్తమని, రేడియేటరు పై గొట్టాన్ని గుప్పిట పట్టుకుని, "చల్లగానే ఉంది, మాట నిలబెట్టుకుంది" అన్నారు తెలుగులో. తర్వాత ఆయిలు మూత తీసి దాని లోపలి వైపు టార్చి వేసి చూశారు. తేమ పట్టిన ఇంజనుకు అక్కడ పాల మీగడ రంగు జిగురు పేరుకుంటుంది. ఇక్కడ తేనె రంగు సన్నటి పొర తప్ప ఏమీ లేదు.

నేను రంగు మందం కొలిచే గేజ్ తెచ్చుకున్నాను. ఈ కారు బానెట్ అల్యూమినియం, మిగతా రేకు ఉక్కు. కాబట్టి రెంటినీ కొలవగల గేజ్ ఉండాలి. ఇనుమును మాత్రమే కొలిచే చవక పరికరం బానెట్ దగ్గర మూగబోతుంది. తలుపులు, వెనక రెక్కలు, పైకప్పు, డిక్కీ, ఎక్కడ పెట్టినా 100 నుంచి 140 మైక్రాన్ల మధ్యే. మళ్లీ రంగు వేసిన చోట అంకె ఒక్కసారిగా రెట్టింపవుతుంది, కింద పుట్టీ ఉంటే ఇంకా పైకి వెళ్తుంది. బానెట్ అంచున, తలుపుల అంచున, డిక్కీ లోపల కారు నంబరున్న చిన్న స్టిక్కర్లు కర్మాగారంలో అతికించినవి అతికించినట్టే ఉన్నాయి. మార్చిన భాగానికి ఆ నంబరు ఉండదు, విడిభాగమని తెలిపే వేరే స్టిక్కరు ఉంటుంది. సీటు బెల్టులను చివరి దాకా లాగి చూస్తే వాటి మీది తయారీ తేదీలు కూడా 2004 మోడల్‌కు సరిపోయాయి. ప్రమాదంలో పేలి మార్చిన బెల్టయితే తేదీ వేరుగా ఉండేది.

ఇక గ్లవ్ బాక్సులోని పుస్తకం. గీతల కాగితాల మామూలు నోటుపుస్తకం. బయటికి తీసిన ప్రతిసారీ తేదీ, మీటరు అంకె, నాలుగు టైర్లలో గాలి, వెళ్లిన చోటు, ఒకే దస్తూరీతో రాసి ఉన్నాయి. సాంటా ఫే, తావోస్, సాంటా ఫే, సొకోరో. పన్నెండు వందల మైళ్ల దగ్గర చేయాల్సిన మొదటి ఆయిలు మార్పిడి బిల్లు దగ్గర నుంచి అన్నీ ఒక కవరులో వరుసగా ఉన్నాయి. ఏటా ఆయిలు మార్చారు. వెయ్యి మైళ్లు కూడా తిరగని ఏడాది కూడా మార్చారు. రెండేళ్లకోసారి బ్రేకు ఆయిలు. కొన్ని ఖాళీలు లేకపోలేదు. నాలుగైదేళ్లుగా కూలెంట్ జోలికి వెళ్లలేదు. ఆ ఖాళీలు కూడా కాగితాల మీదే కనబడుతున్నాయి, అదే నాకు నచ్చింది.

స్టార్ట్ చేశాం. ఎస్54 చల్లగా ఉన్నప్పుడు మెత్తగా పలకదు. గరగరమని లోహపు చప్పుడు. నాన్న నుదురు ముడతలు పడింది. "ట్యాపెట్లు కొడుతున్నాయి" అన్నారు. ఈ ఇంజను స్వభావమే అంతని నేను చెబితే ఒప్పుకోలేదు, చివరిసారి ఎప్పుడు సెట్ చేశారో అడగమన్నారు. ఆవిడ కవరులోంచి 2016 నాటి బిల్లు తీసి చూపించారు. ఏ వాల్వు దగ్గర ఎంత సందు ఉందో మెకానిక్ చేత్తో రాసిన పట్టిక దానికి పిన్ను చేసి ఉంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ పట్టిక అంతా చదివారు. ఆ తర్వాత చప్పుడు గురించి మాట్లాడలేదు.

ఆయనకు అన్నిటికంటే నచ్చింది మాత్రం టాకోమీటరు మీది దీపాలు. ఈ కారులో ఆయిలు చల్లగా ఉన్నంతసేపు ఎర్రగీత నుంచి కిందికి నారింజ రంగు దీపాలు వరుసగా వెలిగి ఉంటాయి. వేడెక్కే కొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతూ ఇంకాస్త పైకి వెళ్లడానికి అనుమతి ఇస్తాయి. "మా లారీ డ్రైవర్లకు ఇవి పెట్టి ఉంటే సగం బేరింగులు బతికేవి" అన్నారు.

ఆ మధ్యాహ్నం కారును ఊళ్లోనే జర్మన్ కార్లు మాత్రమే చూసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. కొనేవాడి ఖర్చుతో, అమ్మేవాళ్లకు సంబంధం లేని చోట చేయించే పరీక్ష ఇది. దీనికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరమే అనవసరం. కారును లిఫ్టు మీదికి ఎత్తాక మొదట వెనక ఫ్రేము బిగిసే నాలుగు చోట్లూ చూశాం. ఇంజను లాగినప్పుడు, వదిలినప్పుడు ఆ ఫ్రేము మెలితిరిగే బలమంతా నేల రేకు మీద పడుతుంది. ఏళ్ల తరబడి అలా లాగి లాగి స్పాట్ వెల్డులు ఊడతాయి, రేకుకు సన్నటి పగుళ్లు వస్తాయి. అడుగున పూసిన రక్షణ పూత కింద అవి దాక్కోవచ్చు. మెకానిక్ లైటు వేసి చూస్తుంటే నాన్న గోటితో అతుకుల వెంట మెల్లగా గీసుకుంటూ పోయారు. పూత ఎక్కడా పైకి లేవలేదు. డిక్కీలో కార్పెట్ ఎత్తి పై నుంచి కూడా చూశాం. శుభ్రంగా ఉంది.

రబ్బరు సంగతి వేరు. వెనక చక్రాలను పట్టి ఉంచే ట్రెయిలింగ్ ఆర్ముల బుష్షులకు, అంటే రబ్బరు మెత్తలకు చుట్టూ నెర్రెలు. ముందు కంట్రోల్ ఆర్ముల బుష్షులు గట్టిపడ్డాయి. ప్రొపెల్లర్ షాఫ్టుకు గేరు బాక్సుకు మధ్య ఉండే రబ్బరు జాయింటు మీద కూడా పగుళ్లు మొదలయ్యాయి. న్యూ మెక్సికో పొడి గాలి రేకుకు వరం, తుప్పన్న మాటే లేదు. రబ్బరుకు మాత్రం అదే గాలి శత్రువు. పద్దెనిమిది వేల మైళ్లకు బుష్షులు పోవు. ఇరవై ఏళ్లకు పోతాయి.

ఒక్కో సిలిండరు గాలిని ఎంత ఒత్తిడికి నొక్కగలదో చూసే కంప్రెషన్ పరీక్ష దగ్గర చిన్న విషయం చెప్పాలి. ఆల్బుకర్కీ సముద్రమట్టానికి అయిదు వేల అడుగులకు పైన ఉంటుంది. గాలి పలచన కాబట్టి గేజ్ మీద అంకెలు మైదానంలో కంటే తక్కువగా వస్తాయి. పుస్తకంలోని అంకె చూసి భయపడకూడదు. ఆరు సిలిండర్లూ ఒకదానితో ఒకటి సమానంగా ఉన్నాయా అన్నదే లెక్క. మావి దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. కొంచెం ఆయిలు తీసి ప్రయోగశాలకు కూడా పంపాం. సీసం, రాగి ఎక్కువ తేలితే రాడ్ బేరింగులు అరుగుతున్నట్టు. ఈ కారు కంపెనీ పిలిపించి మార్చిన మొదటి ఏళ్లది కాకపోయినా ఆ పరీక్ష మానుకోలేదు. బయానా ఇచ్చి, ఫలితం వచ్చాకే మిగతా బేరం అని ఆవిడతో ముందే అనుకున్నాం. ఫలితం బాగానే వచ్చింది.

అన్నిటికంటే ముఖ్యమైన తనిఖీకి నిమిషం చాలు, కానీ దాన్నే చాలామంది మరిచిపోతారు. ఈ తరం 3 సిరీస్ కార్లలో తకాతా ఎయిర్‌బ్యాగులు ఉండేవి. పేలినప్పుడు లోహపు ముక్కలు మనిషి మీదికే వచ్చే ప్రమాదం ఉన్నందువల్ల, మార్చని ఎయిర్‌బ్యాగు ఉంటే అసలు నడపవద్దని 2023 మే నెలలో హెచ్చరిక వచ్చింది. అందులో ఎం3 కూడా ఉంది. తక్కువ తిరిగిన కారు సర్వీసుకు కూడా తక్కువే వెళ్తుంది కాబట్టి ఈ పని జరగకుండా మిగిలిపోయే అవకాశం ఎక్కువ. జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో కారు నంబరు కొడితే పెండింగ్ ఏమన్నా ఉంటే ఉచితంగా తెలుస్తుంది. మార్పిడి కూడా ఉచితమే. ఈ కారుకు ఆ పని జరిగిపోయింది.

టైర్ల దగ్గర నాన్న, నేను ఒక్క మాట మీద ఉన్నాం. పక్క గోడ మీద చివరి నాలుగంకెలు 3411. అంటే 2011లో ముప్పై నాలుగో వారంలో తయారైనవి. గ్రిప్పు దాదాపు పూర్తిగా ఉంది. నాన్న బొటనవేలితో గట్టిగా నొక్కి చూశారు, రబ్బరు కొంచెం కూడా లోపలికి పోలేదు. "టైరు అరగలేదు. ముసలిదైపోయింది" అన్నారు. వాటి మీద టెక్సాస్ దాకా రాలేనని ఆవిడతో చెప్పాను. ముందు 225/45, వెనక 255/40, పద్దెనిమిది అంగుళాలవి కొత్తవి అక్కడే వేయించాం. బ్రేకు ఆయిలు కూడా అక్కడే మార్పించాం. ఈ కారులో స్టెప్నీ ఉండదు. పంక్చరు పూడ్చే ద్రవం సీసా, చిన్న గాలి యంత్రం ఇస్తారు. సీసాకు ఎప్పుడో గడువు తీరిపోయింది, దాన్నీ మార్చాను.

బేరం సులువుగా తేలింది. మెకానిక్ రాసిన పనుల పట్టికను ఆవిడ ముందు పెట్టాను. ప్రతి వరుసా చదివి, కొన్నిటికి తగ్గించారు, కొన్నిటికి "అది వయసు, నేను చేయగలిగింది లేదు" అన్నారు. నాకు న్యాయంగానే తోచింది. కారు కొత్తగా అమ్మిన నాటి ధరకు కాస్త పైనే ఇచ్చాను. డబ్బు ఆవిడ బ్యాంకులోనే, గుమాస్తా ముందు క్యాషియర్స్ చెక్కుగా (బ్యాంకే పూచీ పడే చెక్కు) ఇచ్చి, అక్కడే టైటిల్ మీద సంతకం తీసుకున్నాం. ఇద్దరికీ అదే క్షేమం.

ఇంటికి నడిపే తీసుకొచ్చాను. మూసిన ట్రక్కులో పంపించమని స్నేహితులు సలహా ఇచ్చారు, కానీ కారు గురించి తెలుసుకోవాలంటే దాన్ని నడపాలి. ఇంటర్‌స్టేట్ 40 మీద తూర్పుగా తుకుంకారి, అమరిల్లో, అక్కడ నుంచి 287 నంబరు రహదారి మీదుగా విచిటా ఫాల్స్, డాలస్. శాంటా రోసా దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. దీపాలన్నీ ఎప్పుడో ఆరిపోయాయి, ఆయిలు వేడి చూపే సూచిక సగం మీద నిలబడి ఉంది. పెట్రోలు పోయించుకుని మళ్లీ రహదారి ఎక్కేటప్పుడు రెండో గేరులో పూర్తిగా తొక్కాను. నాలుగు వేల దాకా ఇది మర్యాదస్తుల కారే. అయిదు వేల దగ్గర గొంతు మారుతుంది. ఆరు వేలు దాటాక ఆ గరగర పోయి, ఆరు థ్రాటిళ్లూ ఒక్కసారి నోరు తెరిచినట్టు బానెట్ కింద నుంచి గాలి పీల్చే శబ్దం, దాని మీద పదునైన లోహనాదం. చాలా ఇంజన్లు చేతులెత్తేసే చోట ఇది ఇంకా రెండు వేల ఆర్‌పీఎం ఇస్తుంది. టర్బో కారు వీపు మీద చెయ్యి వేసి నెడుతుంది. ఇందులో శక్తి మన కుడి పాదం ఎంత అడిగితే అంత, అడిగిన క్షణాన వస్తుంది. నాన్న తలుపు పిడి పట్టుకున్నారు కానీ ఏమీ అనలేదు. కాసేపటికి, "ఇంకొకసారి లాగు, మూడో గేరులో వినాలి" అన్నారు.

ఇంటికి వచ్చాక వరుసగా పనులు మొదలుపెట్టాం. మొదట కూలింగ్. ఈ కార్లలో కూలెంట్ ట్యాంకు, రేడియేటరు చివరలు, కొన్ని గొట్టాల కలుపులు ప్లాస్టిక్కువే. వేడికీ చల్లదనానికీ ఏళ్ల తరబడి లోనై పెళుసుబారుతాయి. పాత ట్యాంకు కారడం లేదు, పరీక్షలో ఒత్తిడి కూడా నిలబడింది. అయినా మార్చాను. బయటికి తీసిన పై గొట్టాన్ని చివర దగ్గర వేళ్లతో నలిపితే పెళపెళమంది, వేళ్లకు నల్లటి పొడి అంటుకుంది. దాని లోపలి అల్లిక దారాలు కనబడుతున్నాయి. ఈ ఇంజను ఒక్కసారి బాగా వేడెక్కితే హెడ్ దించాల్సి వస్తుంది. అందుకు అయ్యే ఖర్చుతో పోలిస్తే గొట్టాలు, ట్యాంకు, థర్మోస్టాట్, నీళ్ల పంపు కలిపినా చిన్న మొత్తమే. కారడం మొదలయ్యాక మారుద్దామనుకునే పద్ధతి ఈ కారుకు పనికిరాదు.

తర్వాత బుష్షులు, ప్రొపెల్లర్ షాఫ్టు రబ్బరు, గేరు బాక్సు ఆయిలు, డిఫరెన్షియల్ ఆయిలు. డిక్కీలో కుడివైపు ఉండే బ్యాటరీ. బుష్షులు మారాక కారు మారిపోయింది. మునుపు గతుకు దాటాక వెనక భాగం ఒక క్షణం ఆలోచించేది, ఇప్పుడు ఆ తడబాటు లేదు. తీసిన భాగాలన్నీ చీటీలు కట్టి పెట్టెలో దాచాను. రేపు ఇంకెవరి చేతికైనా వెళ్తే వాటితో సహా వెళ్లాలి. ఈ పనులన్నిటికీ కారు ధరలో పదో వంతుకు దగ్గరగా అయింది. తక్కువ తిరిగిన కారు కొనేవాళ్లు ఈ పదో వంతును మొదటే పక్కన పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కాగితాల పని టెక్సాస్‌లో తేలికే. కౌంటీ పన్ను కార్యాలయంలో టైటిల్, 130-యూ దరఖాస్తు ఇచ్చి, 6.25 శాతం పన్ను కట్టాను. వ్యక్తుల మధ్య అమ్మకమైతే కట్టిన ధర లేదా రాష్ట్రం తన లెక్కల్లో చూపే విలువలో 80 శాతం, ఏది ఎక్కువైతే దాని మీద పన్ను. మా కొలిన్ కౌంటీలో పొల్యూషన్ పరీక్ష ఉంది. బ్యాటరీ మార్చిన వెంటనే ఆ పరీక్షకు వెళ్లకూడదు. కారు కంప్యూటర్ తన లోపలి తనిఖీలన్నీ మొదటి నుంచి పూర్తి చేసుకోవాలి, అందుకు ఊళ్లోనూ హైవే మీదా కొన్ని రోజులు తిప్పాలి. బీమా కూడా మామూలుది వద్దు. మామూలు పాలసీ ఇరవై ఏళ్ల కారును ఇరవై ఏళ్ల కారుగానే చూస్తుంది. ముందే ఇరువైపులా ఒప్పుకున్న విలువ రాసే పాలసీ తీసుకున్నాను.

ఇండియాకు తీసుకెళ్లవచ్చా అని అడిగేవాళ్లకు: వీలు కాదు. మూడేళ్లు దాటిన వాడిన కారును, అందులోనూ ఎడమ స్టీరింగు ఉన్నదాన్ని, మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు.

ఇప్పుడు వారాంతాల్లో నడుపుతున్నాను, ఆవిడ నియమం ప్రకారమే: ఆయిలు వేడెక్కేంత దూరం వెళ్లే తీరిక ఉంటేనే తీస్తాను. మైళ్లు పెరిగితే విలువ పడిపోతుందని కొందరు హెచ్చరిస్తారు. పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఎనిమిది వేల ఆర్‌పీఎం కోసం కట్టిన ఇంజనును కవరు కింద పెట్టి ధర లెక్కపెట్టుకోవడానికి నేను దీన్ని కొనలేదు. పైగా నడిచే కారులో సీళ్లు తడిగా ఉంటాయి, ఏసీ కంప్రెసర్ తిరుగుతుంటుంది, బ్రేకు డిస్కులకు తుప్పు నిలవదు, పెట్రోలు ట్యాంకులో పాతబడదు. నోటుపుస్తకంలో ఆవిడ వదిలిన పేజీ నుంచే నేను రాస్తున్నాను, అవే వరుసలు, టైర్లలో గాలితో సహా. కొన్నప్పటి నుంచి మూడు వేల మైళ్లకు పైగా చేరాయి.

ఈ చలికాలానికి మిగిలిన పెద్ద పని ట్యాపెట్ సెట్టింగ్, దానితోపాటే వానోస్. 2016 నాటి పట్టిక పక్కన కొత్త కొలతలు రాసి ఏ వాల్వు ఎంత కదిలిందో చూడాలి. వాల్వ్ కవరు విప్పినప్పుడే వానోస్ సీళ్లు, క్యామ్ గేరు బోల్టులు మార్చేస్తే రెండుసార్లు విప్పే బాధ తప్పుతుంది. గాస్కెట్లు, సీళ్లు తెప్పించి పెట్టాను. బిళ్లల మందాలు కొలతలు తీశాకే తెలుస్తాయి కాబట్టి వాటిని అప్పుడే తెప్పిస్తాను. నాన్న డిసెంబరులో వస్తున్నారు. ఫీలర్ గేజ్ ఇక్కడ కొనవద్దని, ఆటోనగర్‌లో తాను వాడినదే తెస్తానని నిన్న ఫోనులో చెప్పారు.